వల గుళ్లకు సీసం మానేయాలనుకుంటే ఏది కట్టుకోవాలి

వేట నిషేధం మొదలైందంటే మా తీరాన ఊళ్లన్నీ కుట్టుపనిలో పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఇసుక మీద, వలలు అరుగుల మీద. చిరుగులు కుట్టుకోవడం, తేలడానికి కట్టే బెండ్లు మార్చుకోవడం, వల మునగడానికి అంచున కట్టే గుళ్లలో రాలిపోయినవి మళ్లీ కట్టుకోవడం. ఆ గుళ్ల కోసమే పెరట్లో మూడు రాళ్లు పెట్టి, పాత మూకుట్లో సీసం కరిగిస్తారు. మా నాన్న కూడా అదే చేసేవాడు. పాత బ్యాటరీ పలకలు, లారీ చక్రాలకు కొట్టే సీసం ముక్కలు, చిరిగిన వలల నుంచి ఊడదీసిన గుళ్లు, ఏది దొరికితే అది మూకుట్లోకి పోయేది. కరిగాక పైన తేలిన చిట్టెం గరిటెతో తీసి గోడవార పడేసి, మిగిలింది అచ్చులో పోసేవాడు. ఆ చిట్టెంలో కోళ్లు గీరుకునేవి, పక్కనే మేము గోళీలాడేవాళ్లం. చిన్న గుళ్లను తాడుకు బిగించేటప్పుడు పళ్లతో కొరికి నొక్కడం అందరికీ అలవాటే.

మొన్న వేసవిలో మా అప్ప కొడుకు గుజరాత్‌లోని వేరావల్ నుంచి వచ్చి, కొత్త విసురు వలకు గుళ్లు పోసుకుంటానన్నాడు. వాడికి మూడేళ్ల పాప. సీసం వద్దురా అన్నాను. "మరి దాని బదులు ఏటి పోసుకోమంటావు మావయ్యా?" అన్నాడు. వాడికి అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత తూకం రాయి, బకెట్టు నీళ్లు పెట్టుకుని లెక్కలు వేస్తే, అసలు ప్రశ్నలోనే తిరకాసు ఉందని అర్థమైంది. సీసం బదులు ఏది పోయాలి అని అడిగినంత కాలం మంచి జవాబు దొరకదు. పోత అవసరం లేకుండా ఏది కట్టుకోవచ్చు అని అడిగితే చాలా వలలకు దొరుకుతుంది.

గుళ్లు అనగానే తుపాకీ గుళ్లనుకునే వాళ్లకు ముందే ఒక మాట. లైసెన్సు లేకుండా తూటాలు గానీ, వాటి భాగాలు గానీ తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. దాని జోలికి నేను పోవడం లేదు. కానీ ఆ లోకం కథ మనకు పనికొస్తుంది. అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసం రవ్వలను 1991లో దేశమంతా ఆపేశారు. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి అడవి జంతువుల వేటకు ఏ సీసం తూటా వాడకూడదు. అక్కడ సీసం బదులు ఎక్కువగా రాగి తూటాలు వచ్చాయి. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అది పెరటి పొయ్యి మీద అయ్యే పని కాదు, అందుకే వాటిని యంత్రాల మీద చెక్కి తయారు చేస్తారు. ఇంట్లో సీసం పోసుకునే అలవాటున్న వాళ్లకు అక్కడా ఇదే చిక్కు వచ్చింది. సీసమంత సులువుగా కరిగి, సీసమంత బరువుండి, సీసమంత చవకగా దొరికే ఇంకో లోహం లేదు.

మరి సీసంతో బాధేమిటంటే, శరీరానికి దానితో ఏ పనీ లేదు. ఇంత మోతాదు వరకు ఫర్వాలేదు అనగలిగే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోట్లోకి పోయిన సీసాన్ని పెద్దవాళ్ల ఒంటికన్నా పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. తిండిలో ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఒకసారి చేరితే ఎముకల్లో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఆ ఎముకల్లోంచే బయటికొచ్చి బిడ్డకు చేరుతుంది. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత లాంటివి పైకి కనిపిస్తాయి. పిల్లల చదువు, చురుకుదనం తగ్గడం మాత్రం ఎవరూ సీసానికి ముడిపెట్టరు.

అయితే సముద్రంలో వేలాడే గుండు వల్ల వచ్చే ముప్పుకన్నా పెరట్లో గుండు పోసేటప్పటి ముప్పే మన ఇళ్లకు ఎక్కువ. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కట్టెల పొయ్యి ఎంత మంట ఇస్తోందో చూసే సాధనం మన దగ్గర ఉండదు, 500 దాటితే పొగ రూపంలో లేవడం బాగా పెరుగుతుంది. ఇక చిట్టెం బూడిద చేతికి, బట్టలకు, చీపురుకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. బ్యాటరీ పలకలైతే మరీ ఘోరం. వాటిలో యాసిడ్ ఉంటుంది, వేరే లోహాలూ కలిసి ఉంటాయి. ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు, బ్యాటరీ పలకలు కరిగించడం మాత్రం ఈ రోజే ఆపేయండి.

చెరువులు, నదీ ముఖాల దగ్గర ఇంకో సంగతి. తెగిపోయిన చిన్న గుండు నీటి అడుగునే ఉండిపోతుంది. తిన్నది నలగడానికి బాతుల లాంటి పక్షులు చిన్న రాళ్లు మింగుతాయి, వాటితో పాటు సీసం గుళ్లూ మింగుతాయి. హంసలు ఇలా చనిపోతున్నాయనే బ్రిటన్ 1987లో గేలాలకు కట్టే చిన్న సీసం గుళ్ల అమ్మకాన్ని నిషేధించింది. డెన్మార్క్ 2002లో ఆపేసింది. మన శ్రీకాకుళం జిల్లాలో వలస పక్షులు వచ్చే తేలినీలాపురం, తేలుకుంచి ఉన్నాయి, నౌపడ తంపర (చిత్తడి నేల) ఉంది. ఏటా ఆ చోట్ల ఎన్ని పిట్టలు వాలతాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఎంపిక సంగతి. అందరూ సాంద్రత చూసి బెదిరిపోతారు. సీసం ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, ఇనుము 7.9. "ఇనుము తేలిక, వల మునగదు" అనే మాట ఇక్కడి నుంచే వచ్చింది. కానీ వలకు కావాల్సింది ఒడ్డు మీద తూకం కాదు, నీళ్లలో మిగిలే బరువు. కిలో సీసం సముద్రపు నీళ్లలో 910 గ్రాములు తూగుతుంది. కిలో ఇనుము 870. తేడా 40 గ్రాములే! తగరం, జింకు 860 దగ్గర, ఇత్తడి 880, బిస్మత్ 895 దగ్గర ఉంటాయి. లోహాలన్నీ ఒకచోటే గుమికూడాయన్నమాట. అసలు పడిపోయేది రాయి, మట్టి దగ్గర. కిలో నల్లరాయి నీళ్లలో 620 గ్రాములే. సిమెంటు, ఇసుక కలిపి పోసిన గుండు సగానికి అటూ ఇటూ. కాల్చిన మట్టి గుండు సగం కన్నా తక్కువ, 460 దగ్గర.

మా వాడి వలకు 4 కిలోల సీసం పట్టేది. అదే పట్టు కావాలంటే ఇనుము 4 కిలోల 200 గ్రాములు చాలు. రాయి అయితే దాదాపు 5 కిలోల 900, మట్టి గుళ్లయితే 8 కిలోలకు దగ్గర. 8 కిలోలు చేత్తో ఎంతసేపు విసురుతారు? కాబట్టి విసురు వలకు మట్టి, సిమెంటు, రాయి మాట మరచిపోండి.

బరువుతో పాటు లావు కూడా చూసుకోవాలి. అదే బలానికి ఇనుప గుండు సీసం గుండుకు ఒకటిన్నర రెట్లు లావు, రాయి ఆరు రెట్లు, మట్టి పదకొండు రెట్ల పైనే. లావైన గుండును నీటి ఒరవడి ఎక్కువగా తోస్తుంది. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గర పోటు పాట్ల వేళ మట్టి గుళ్ల వల వేసి చూడండి, అడుగు నిలవకుండా పక్కకు కొట్టుకుపోతుంది. అదే వల కదలని చెరువులో హాయిగా నిలబడుతుంది.

విసురు వలకు నా ఓటు ఇనుప గొలుసుకే, అందులోనూ జింకు పూత ఉన్న సన్న గొలుసుకు. గుళ్ల మధ్య సందులుండవు కాబట్టి వల అంచు బురద మీద బారుగా పరుచుకుంటుంది, కింద నుంచి రొయ్య జారిపోవడం తగ్గుతుంది. పోత లేదు, పొయ్యి లేదు. ఎంత గొలుసు కావాలో లెక్క ఇది. 9 అడుగుల వల పూర్తిగా విచ్చుకుంటే అంచు చుట్టుకొలత సుమారు 17 మీటర్లు. 4 కిలోల 200 గ్రాములు ఆ 17 మీటర్లకు పంచితే మీటరుకు 250 గ్రాములు. మామూలుగా 3 మిల్లీమీటర్ల కడ్డీ గొలుసు ఇంతకన్నా తేలిక, 4 మిల్లీమీటర్లది కాస్త బరువు. కొట్లో మాట నమ్మకుండా ఒక మీటరు తూకం వేయించండి. నీళ్లు లోతు లేని చోట తేలికది, లోతైన చోట, ఒరవడి ఉన్న చోట బరువుది తీసుకోండి. లింకులు అతుకు పెట్టి పూర్తిగా మూసుకుని ఉండాలి. వంచి వదిలేసిన లింకుల్లో వల కళ్లు ఇరుక్కుంటాయి.

గొలుసుకు తుప్పు శత్రువు. పూత పోయాక తుప్పు గరుకు నైలాన్‌ను రాసి రాసి కొరికేస్తుంది. ఉప్పు నీళ్లలో వేసిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నీడన ఆరేస్తే ఎక్కువ కాలం వస్తుంది, లేదంటే త్వరగా పోతుంది. సీసం వలను ఎన్నేళ్లు నిర్లక్ష్యం చేసినా ఏమీ అనదు, ఆ సుఖం ఇక్కడ లేదు. స్టెయిన్‌లెస్ గొలుసు కొందామనుకుంటే మామూలు 304 రకం ఉప్పునీళ్లలో గుంటలు పడుతుంది, 316 రకం నయం గానీ ఖరీదు. రాళ్లున్న అడుగున గొలుసు పట్టేసుకుంటుంది, అక్కడ విడి గుళ్లే మంచివి. ఇంకో సంగతి, గుళ్లకు అలవాటైన చేతికి గొలుసు వల మొదట్లో సరిగా విచ్చుకోదు. మా వాడు మొదటి రోజు విసిరితే అరటికాయ ఆకారంలో పడింది. ఒడ్డున ఉన్న పెద్దాయన ఒకరు "ఏటి బాబూ, చేపలకి దుప్పటి కప్పుతున్నావేటి?" అన్నారు. వారం తర్వాత గుండ్రంగా పడుతోంది.

గేలానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. మెకానిక్ షెడ్డులో పారేసిన నట్లు తెచ్చుకోండి. 17 నంబరు స్పానర్ పట్టే నట్టు సుమారు 11 గ్రాములు, 13 నంబరుది సుమారు 5 గ్రాములు. కన్నం దేవుడిచ్చినట్టే ఉంటుంది. తెగి పడిపోయినా తుప్పు పట్టి మట్టిలో కలిసిపోతుంది.

ఒకచోట నిలబెట్టి ఉంచే వలలకు, అంటే నాగావళి నది మడుగుల్లో, ఊరి చెరువుల్లో రాత్రి కట్టి పొద్దున తీసే వాటికి, మన తాతల పద్ధతే మేలు. కాల్చిన మట్టి గుండు. దాన్ని విసిరేది లేదు, ఒరవడి తక్కువ, బరువు ఒడ్డు నుంచి ఒక్కసారి మోస్తే చాలు. కుమ్మరి ఆవంలో కుండలతో పాటే కాల్చిస్తే వేరే ఖర్చు పెద్దగా ఉండదు. బాగా కాలిన గుండు గోరుతో కొడితే ఖంగుమంటుంది, కాలనిది నీళ్లలో నానిపోతుంది. రాతి మీద పడితే పగులుతుంది, పడవ అంచుకు కొట్టుకుంటే పగులుతుంది, అందుకని పదికి ఒకటి అదనంగా చేయించుకోండి.

పోత పోసే సరదా వదులుకోలేని వాళ్లకు సిమెంటు ఉంది. నిజానికి ఇదీ పోతే, మంట లేదంతే. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు సన్న ఇసుక, ముద్దగా ఉండేటన్ని నీళ్లు. పాత ప్లాస్టిక్ పైపును జానెడు ముక్కలుగా కోసి, నిలువునా ఒక పక్క చీల్చి తాడుతో బిగించి అచ్చుగా వాడుకోవచ్చు. మధ్యలో నూనె రాసిన సైకిల్ చువ్వ నిలబెడితే తాడు దూర్చే కన్నం వస్తుంది. గంటకోసారి చువ్వ తిప్పుతూ ఉండాలి, మరచిపోతే అది గుండుతోనే ఉండిపోతుంది. మర్నాడు అచ్చు విప్పి వారం రోజులు తడి గోనె కప్పి ఉంచండి. ఎండలో పెడితే త్వరగా గట్టిపడుతుందని మనవాళ్లు అనుకుంటారు, అది తప్పు. సిమెంటుకు బలం ఇచ్చేది తడి. లేతు మెషిన్ దగ్గర రాలిన ఇనుప రజను దొరికితే ఇసుకలో సగం బదులు కలపండి, గుండు బాగా బరువెక్కుతుంది. పచ్చి సిమెంటు చేతులను కాలుస్తుంది కాబట్టి తొడుగులు వేసుకోండి. పెద్ద వలల మూలలకు, లంగరుకు బదులుగా ఇవి చాలా బాగుంటాయి.

ఇక లోహాన్ని కరిగించే తీరాలి అనుకుంటే తగరం ఒక్కటే నా లెక్కలో నిలుస్తుంది. 232 డిగ్రీలకే కరుగుతుంది, సీసం కన్నా ముందే. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకున్నది దీనితోనే. మెత్తగా ఉంటుంది, గేలం తాడుకు నొక్కితే పట్టుకుంటుంది. చిక్కల్లా ధర. సీసానికి పది రెట్ల పైనే. 4 కిలోల వలకు తగరం పోయడం బంగారు కంచంలో గంజి తాగడం లాంటిది. గేలాల చిన్న గుళ్లకైతే సరే. టంకం తీగ చవకగా దొరికిందని తేవద్దు. మామూలు టంకంలో తగరంతో పాటు సీసం ఉంటుంది, చాలా రకాల్లో మూడో వంతు పైనే. అసలు తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే చిటపటమని చప్పుడు చేస్తుంది, సీసం వంగినా నోరు మెదపదు. కాగితం మీద గీస్తే నల్లగా పెన్సిల్ గీత పడేది సీసం. సీసం కరిగించిన మూకుడు, అచ్చు తగరానికి వాడితే చేసిన పనంతా వృథా. వేటిని కరిగించినా అచ్చులో తడి లేకుండా చూసుకోవాలి. ఒక్క నీటి చుక్క చాలు, ఆవిరై లోహాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది.

బిస్మత్ గురించి ఇంటర్నెట్‌లో గొప్పగా చెబుతారు. సీసానికి బాగా దగ్గర బరువు, 271 డిగ్రీలకు కరుగుతుంది, విషం తక్కువ. కడుపు మందుల్లో కూడా దాని సమ్మేళనాలు వాడతారు. కానీ గాజులా పెళుసు. నొక్కితే బిగుసుకోదు, పగిలిపోతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు మంచుగా మారినట్టు ఉబ్బుతుంది, అచ్చు బిగుతుగా ఉంటే గుండు ఊడి రాదు. మన ఊళ్లలో దొరకదు, తెప్పించుకోవాలి. ఆన్‌లైన్‌లో "వేడి నీళ్లలో కరిగే లోహం" అని అమ్మేవాటిలో కొన్నింటిలో సీసం, కాడ్మియం రెండూ ఉంటాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టవుతుంది.

జింకు వద్దు. పాత సామాన్ల కొట్లో చవకగా దొరుకుతుంది, నిజమే. కరగడానికి 420 డిగ్రీలు కావాలి, ఎక్కువ మండితే తెల్లటి పొగ వస్తుంది, అది పీలిస్తే రాత్రికి చలిజ్వరం. ఉప్పునీళ్లలో తానే తినేసుకుపోతుంది. పెద్ద పడవల అడుగున ఇనుము తుప్పు పట్టకుండా జింకు దిమ్మలు బిగించేది అందుకే, ఇనుము బదులు అది అరిగిపోవడానికి. పక్షులు మింగితే వాటికీ విషమే.

ఇత్తడి అంటే మన జిల్లా వాళ్లకు ఇత్తడి సామానుకు పేరున్న బుడితి ఊరు గుర్తొస్తుంది. అక్కడి పనివాళ్ల కొలిమికి తగిన లోహం అది, 900 డిగ్రీల పైన కరుగుతుంది, ఇంటి పొయ్యికి లొంగదు. పాత కుళాయిల ఇత్తడిలో చెక్కుడు సులువు కావడానికి కాస్త సీసం కలిపి ఉంటారు కూడా. టంగ్‌స్టన్ సీసం కన్నా బరువైనది, గేలం సరదాగా వేసే పట్నం వాళ్లు కొనుక్కుంటారు. మనకు దానితో పని లేదు.

చివరికి మా వాడు విసురు వలకు గొలుసు, ఊరి చెరువు వలకు మట్టి గుళ్లు తీసుకున్నాడు. పాత వలల నుంచి ఊడదీసిన సీసం మూడు కిలోల పైనే తేలింది. దాన్ని సముద్రంలోకి విసిరేయబోయాడు, ఆపాను. సీసానికి పాత సామాను ధర ఎప్పుడూ ఉంటుంది. పాత బ్యాటరీలు తీసుకుని కంపెనీకి పంపే కొట్టుకు ఇస్తే తూకానికి డబ్బిస్తారు, అది గొలుసు ఖర్చులో కొంత తీరుస్తుంది. డబ్బాలో వేసి మూత పెట్టి తీసుకెళ్లండి, సంచిలో వేసి కూరగాయలతో కలిపి కాదు. నాన్న చిట్టెం పడేసిన గోడవార మట్టిని తడిపి, జానెడు లోతు తవ్వి, గోనెసంచిలో కట్టి దాంతో పాటే పంపాం. పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి ఇంట్లోకే వస్తుంది. ఏళ్ల తరబడి సీసం పోసినవాళ్లు, వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, డాక్టరుకు సంగతి చెప్పి రక్తంలో సీసం (లెడ్) పరీక్ష రాయించుకోండి. అడగకపోతే ఎవరూ రాయరు.